నాలుగుసార్లు చదివినా మిడ్‌టర్మ్‌లో 61. కమ్యూనిటీ కాలేజీలో అసలెలా చదవాలి?

తెనాలి_టు_ఫ్రీమాంట్
నేను 2011లో బీకాం పాసయ్యాను, ఫస్ట్ క్లాసే. ఆ తర్వాత పెళ్ళి, హెచ్4 (భర్త ఉద్యోగం మీద వచ్చే డిపెండెంట్ వీసా), ఇద్దరు పిల్లలు. చిన్నది ఈ ఏడాది కిండర్‌గార్టెన్‌లో చేరింది కదా అని ధైర్యం చేసి ఇంటికి దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో (ఇక్కడి రెండేళ్ళ ప్రభుత్వ కాలేజీ) రెండు సబ్జెక్టులు తీసుకున్నాను. ఫైనాన్షియల్ అకౌంటింగ్ ఒకటి, ఇంగ్లీష్ కాంపోజిషన్ ఒకటి. అకౌంట్స్ మనకి కొట్టినపిండే కదా, ఇంగ్లీషుతోనే తంటా అనుకున్నా.

నిన్న అకౌంటింగ్ మొదటి మిడ్‌టర్మ్ మార్కులు వచ్చాయి. 61.

మూడు చాప్టర్లూ నాలుగేసి సార్లు చదివానండీ. పసుపు హైలైటర్ అయిపోతే పింక్‌ది కొన్నాను. డెఫినిషన్లన్నీ నోటికి వచ్చు. పేపర్‌లో ఒక్క డెఫినిషన్ కూడా అడగలేదు. మార్కులు ఫోన్‌లో చూసుకుని పార్కింగ్ లాట్‌లోనే కాసేపు ఏడ్చి, పెద్దాణ్ణి స్కూల్ నుంచి తెచ్చే టైమైతే మొహం తుడుచుకుని వెళ్ళాను.

ఇంగ్లీషుది ఇంకో కథ. మొదటి ఎస్సే మీద మేడమ్ "నీ థీసిస్ ఎక్కడ?" అని రాశారు. థీసిస్ అంటే పీహెచ్‌డీ వాళ్ళు రాసేది కాదా?

మా వారు డ్రాప్ చేసేయ్, ఎందుకంత టెన్షన్ అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఇక్కడ చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఎలా చదివారు?

బెజవాడ_బాబాయ్
డిగ్రీ అయిపోయినదానివి మళ్ళీ ఫస్టియర్‌లో కూర్చోవడమేంటమ్మా. ఆన్‌లైన్‌లో ఏదో ఒక మాస్టర్స్ చేసేస్తే పోయేది. కమ్యూనిటీ కాలేజీ అంటే మార్కులు రానివాళ్ళు వెళ్ళేది కదా.

ఓరుగల్లు_పోరడు
బాబాయ్, ఆ మాట ఇంకోసారి అనకు. నేను అక్కడే రెండేళ్ళు చదివి యూసీ డేవిస్ యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయిన. కాలిఫోర్నియాలో రెసిడెంట్‌కి యూనిట్‌కి (అంటే వారానికి గంట క్లాసు) 46 డాలర్లు. ఏడాది దాటి ఇక్కడే ఉంటున్నట్టు కాగితాలు చూపిస్తే హెచ్4 వాళ్ళకి కూడా అదే రేటు. నాలుగు యూనిట్ల సబ్జెక్టు 184 డాలర్లు. నువ్వు చెప్పే మాస్టర్స్‌లో ఆ డబ్బుకు పుస్తకం కూడా రాదు.

ఇంకో మాట. మన మూడేళ్ళ బీకాంతో ఇక్కడ సీపీఏ (మన సీఏ లాంటి అకౌంటెంట్ పరీక్ష) రాయాలంటే చాలామందికి అకౌంటింగ్ యూనిట్లు తక్కువ పడతాయి. వాటిని ఇట్ల కమ్యూనిటీ కాలేజీలోనే నింపుకుంటరు. అక్క చేస్తున్నది సరైన పనే.

పెసరట్టు_ఉప్మా
61కి ఏడ్చారా? మా ఇంటర్‌లో 35 వస్తే కొబ్బరికాయ కొట్టేవాళ్ళం.

తెనాలి_టు_ఫ్రీమాంట్
@పెసరట్టు_ఉప్మా నవ్వొచ్చింది గానీ, ఇక్కడ 61 అంటే డీ అట. ట్రాన్స్‌ఫర్‌కి సీ అయినా ఉండాలట. అదే నా బాధ.

నైట్‌షిఫ్ట్_నర్స్
మార్కుల సంగతి తర్వాత. ఎక్కడ పోయాయో చూసుకున్నారా? పేపర్ తిరిగి ఇచ్చారా? తప్పయిన ప్రశ్న ఒకటి ఇక్కడ పెట్టండి. 38 ఏళ్ళకి నర్సింగ్ కోసం అనాటమీ చదివినదాన్ని, నాకూ మొదటి పరీక్షలో 58 వచ్చింది.

తెనాలి_టు_ఫ్రీమాంట్
ఇదిగో, దీనికి 10 మార్కులు. ఒక కంపెనీ అక్టోబర్ 1న ఏడాది ఇన్సూరెన్స్‌కి 12,000 డాలర్లు కట్టింది, ప్రీపెయిడ్ (ముందే కట్టిన) ఇన్సూరెన్స్ ఖాతాలో రాసుకుంది. డిసెంబర్ 31న రాయాల్సిన ఎడ్జస్టింగ్ ఎంట్రీ (ఆ తేదీకి లెక్క సరిచేసే పద్దు) ఏమిటి?

నేను ఇన్సూరెన్స్ ఎక్స్‌పెన్స్ డెబిట్ 9,000, ప్రీపెయిడ్ క్రెడిట్ 9,000 అని రాశా. సున్నా వేశారు. ప్రీపెయిడ్ అంటే ఏంటో నిద్రలో లేపి అడిగినా చెప్తాను! ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే అచ్చం ఇలాంటి లెక్కే ఉంది. దాన్నీ నాలుగుసార్లు చదివాను. పింక్ హైలైటర్‌తో గీత కూడా ఉంది.

లెక్కల_టీచరమ్మ
న్యూజెర్సీలో ఒక కమ్యూనిటీ కాలేజీలో పదకొండేళ్ళుగా పార్ట్‌టైమ్‌గా మ్యాథ్స్ చెప్తున్నాను. మీ సమస్య మొత్తం ఈ పోస్టులోనే ఉంది, ఆ గీతతో సహా.

ముందు లెక్క సంగతి. అక్టోబర్, నవంబర్, డిసెంబర్ అయిపోయాయి. మూడు నెలల ఇన్సూరెన్స్ వాడేశారు, నెలకి వెయ్యి. అంటే ఖర్చు 3,000. మీరు రాసిన 9,000 ఇంకా వాడనిది, అది ప్రీపెయిడ్‌లోనే ఉండిపోవాలి. మీకు డెఫినిషన్ వచ్చు, అంకె కూడా సరిగ్గానే లెక్క కట్టారు. కానీ ఏది ఖర్చు, ఏది మిగులు అని ఆగి అడుక్కోలేదు. ఎందుకంటే ఈ లెక్కని మీరు చూశారు, చెయ్యలేదు.

చేసిపెట్టిన లెక్కని చదువుతుంటే ప్రతి లైనూ "ఆఁ, తెలుసులే" అనిపిస్తుంది. రెండోసారి ఇంకా తేలిగ్గా ఉంటుంది, నాలుగోసారి కళ్ళు పరిగెడతాయి. అది వచ్చేసినట్టు కాదు, ఆ పేజీ మొహం మీకు అలవాటైంది, అంతే. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. ఒక పాఠాన్ని కొంతమంది విద్యార్థుల చేత మళ్ళీ మళ్ళీ చదివించారు, ఇంకొంతమంది చేత ఒకసారి చదివించి, పాఠం తీసేసి, గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత పెడితే తారుమారు, చూడకుండా రాసినవాళ్ళు ముందున్నారు. మిడ్‌టర్మ్ అయిదు నిమిషాల తర్వాత ఉండదు కదా.

కాబట్టి ఇలా చెయ్యండి. చేసిపెట్టిన లెక్క ఒకసారి చదవండి. పుస్తకం మూసేయండి. తెల్లకాగితం మీద ప్రశ్న ఒక్కటే రాసుకుని మొత్తం చెయ్యండి. ఆగిపోతే అయిదు నిమిషాలు తంటాలు పడండి, అప్పుడే పుస్తకం తెరవకండి. తర్వాత సరిచూసుకోండి. ఎక్కడ తప్పిందో వేరే నోటుబుక్కులో ఒక్క వాక్యం: "మిగిలినది రాశాను, వాడినది రాయాలి" అని. మూడు రోజుల తర్వాత అదే లెక్క అంకెలు మార్చి మళ్ళీ చెయ్యండి.

హైలైటర్లు పిల్లలకిచ్చేయండి, బొమ్మలు వేసుకుంటారు.

బెజవాడ_బాబాయ్
టీచరమ్మగారూ, అంటే బట్టీ పట్టడం తప్పంటారు. మేం ఇరవయ్యో ఎక్కం దాకా బట్టీ పట్టే పైకొచ్చాం. వేమన పద్యాలు ఇప్పటికీ వందొచ్చు. ఈ అమెరికా చదువుల్లో కాలిక్యులేటర్ లేకపోతే చిల్లర కూడా ఇవ్వలేరు.

లెక్కల_టీచరమ్మ
బాబాయ్‌గారూ, నేనెక్కడా అలా అనలేదు. మీ చేత ఎక్కాలు ఎలా చెప్పించేవారో గుర్తు చేసుకోండి. మాస్టారు పుస్తకం మూయించి, చేతులు కట్టించి, అప్పజెప్పమనేవారు. మధ్యలో ఆపి "పదిహేడు ఎనిమిదులెంత?" అని అడిగేవారు. చూసి చదివితే ఊరుకునేవారా? నేను చెప్తున్నదీ అదే, అప్పజెప్పడం. మనవాళ్ళు కాలేజీకొచ్చేసరికి అప్పజెప్పడం మానేసి చదవడం ఒక్కటే మిగుల్చుకున్నారు.

తేడా ఒక్కటే. అక్కడ మాటలు అప్పజెప్పేవాళ్ళం. ఇక్కడ పని అప్పజెప్పాలి.

బెజవాడ_బాబాయ్
పదిహేడు ఎనిమిదులు నూటముప్పయ్యారు.

పెసరట్టు_ఉప్మా
బాబాయ్‌కి పదికి పది. అప్పుడు పట్టిన బట్టీ ఇన్నాళ్ళకి ఇక్కడ పనికొచ్చింది.

నైట్‌షిఫ్ట్_నర్స్
టీచరమ్మగారు చెప్పినదానికి నా అనుభవం జత చేస్తాను. అనాటమీలో ఎముకలే 206. మణికట్టు ఒక్కదాన్లో 8. మొదటి పరీక్షకి పుస్తకంలో బొమ్మలు చూస్తూ కూర్చున్నా, 58 వచ్చింది. తర్వాత చిన్న అట్టముక్కలు కోసుకుని ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు రాసుకున్నా. దీపావళికి వచ్చిన స్వీటు డబ్బాలు మూడు ఖాళీగా ఉంటే తీసుకున్నా. మొదటి డబ్బాలోవి రోజూ, రెండోదానిలోవి మూడు రోజులకోసారి, మూడోదానిలోవి వారానికోసారి. చెప్పగలిగితే కార్డు పక్క డబ్బాలోకి జరుగుతుంది. చెప్పలేకపోతే మూడో డబ్బాలో ఉన్నదైనా సరే మొదటి డబ్బాకి రావాల్సిందే. ఇప్పుడు ఫోన్‌లో దీనికి యాప్‌లున్నాయి, అంకీ లాంటివి. నాకు డబ్బాలే నచ్చాయి, మోతీచూర్ వాసన వచ్చేవి.

రెండో పరీక్షలో 81. ఆ తర్వాత 80 తగ్గలేదు.

ఫ్రిస్కో_పిల్లోడు
నేను ఇక్కడే పుట్టాను, తెలుగు వాయిస్ టైపింగ్‌తో చేస్తున్నా, తప్పులుంటే సారీ. టెక్సస్‌లో కమ్యూనిటీ కాలేజ్ సెకండ్ ఇయర్. ఆంటీ, సిలబస్ చదివారా? ఇండియాలో సిలబస్ అంటే చాప్టర్ల లిస్టు అని అమ్మ చెప్పింది. ఇక్కడ అలా కాదు. దేనికి ఎంత శాతం, లేటుగా ఇస్తే ఎంత కోత, ఎన్ని క్లాసులు మానొచ్చు, ప్రొఫెసర్ ఏ రోజు ఏ గదిలో కూర్చుంటారు, అన్నీ అందులోనే ఉంటాయి. ఫస్ట్ వీక్‌లో నేను డేట్లన్నీ ఫోన్ క్యాలెండర్‌లో ఎక్కించేస్తా. ఒకసారి ఎక్కించలేదు, స్ప్రింగ్ బ్రేక్ తర్వాత వచ్చిన పేపర్ మిస్ అయ్యా. ఆ సబ్జెక్టులో బీ అలా వచ్చిందే.

తెనాలి_టు_ఫ్రీమాంట్
సిలబస్ పీడీఎఫ్ ఏడు పేజీలుంటే రూల్సేగా అని మూసేశాను. ఇప్పుడే తెరిచాను. హోంవర్క్ 15 శాతం, క్విజ్‌లు 15, మిడ్‌టర్మ్‌లు రెండు, ఒక్కోటి 20, ఫైనల్ 30. హోంవర్క్‌లో ఇప్పటిదాకా 95 ఉంది, క్విజ్‌లలో 80. ఇంక ఏమన్నా ఆశ ఉందంటారా?

లెక్కల_టీచరమ్మ
ఆశ గురించి కాదు, లెక్క వేద్దాం. హోంవర్క్, క్విజ్‌లు ఇలాగే సాగాయనుకోండి. హోంవర్క్ 15లో 14.25. క్విజ్‌లు 15లో 12. మొదటి మిడ్‌టర్మ్ 20లో 12.2. మొత్తం 38.45. మిగిలినవి రెండో మిడ్‌టర్మ్, ఫైనల్, కలిపి 50 శాతం.

సీకి 70 కావాలి. 31.55 తెచ్చుకోవాలి, అంటే ఆ రెండింటిలో సగటున 63. బీకి 80 కావాలి. 41.55, అంటే సగటున 83. ఏకి 90 అంటే 50లో 51.55 రావాలి. అది రాదు, మర్చిపోండి.

61 వచ్చిన రోజున సబ్జెక్టు పోయిందనుకున్నారు. ఇప్పుడు రాసినట్టే మళ్ళీ రాసినా దాదాపు సీ దగ్గరుంటారు. మన దగ్గర ఏడాది చివర్లో ఒక్క పరీక్షతో తేలిపోతుంది కాబట్టి ఒక్క మార్కు చూసి కుప్పకూలిపోవడం మనకలవాటు. ఇక్కడ మార్కులు చిట్టీ డబ్బుల్లా నెలనెలా పోగవుతాయి. అందుకే హోంవర్క్ 95 ఉండటం చిన్న విషయమేం కాదు.

సందేహాల_పుట్ట
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. డ్రాప్ చేస్తే రికార్డులో కనబడుతుందా? నాకూ ఒక సబ్జెక్టు వదిలేయాలని ఉంది.

ఓరుగల్లు_పోరడు
ఎప్పుడు వదిలేస్తరన్నదాన్ని బట్టి ఉంటది. మొదటి వారాల్లో వదిలేస్తే ట్రాన్‌స్క్రిప్ట్‌లో అసలు కనబడదు. ఆ గడువు దాటినంక వదిలితే డబ్ల్యూ (విత్‌డ్రా అయినట్టు గుర్తు) పడుతది, జీపీఏలో, అంటే గ్రేడ్ల సగటులో, లెక్కకు రాదు. ఆ రెండో గడువు కూడా దాటితే ఇగ గ్రేడే. ఆ రెండు తేదీలూ కాలేజీ అకడమిక్ క్యాలెండర్ల ఉంటయ్, కాలేజీకొక తీరు. క్లాసుకి పోవుడు మానేస్తే దానంతటదే డ్రాప్ అయితదనుకోకు, మా రూమ్మేట్ అట్లనే ఎఫ్ తెచ్చుకున్నడు.

ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద ఉంటే మాత్రం 12 యూనిట్ల కిందికి పోయే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసుకి పోయి మాట్లాడాలె. హెచ్4కి ఆ గొడవ లేదు.

ఫ్రిస్కో_పిల్లోడు
టెక్సస్‌లో ఇంకో రూల్ ఉంది. 2007 ఫాల్ నుంచి చేరినవాళ్ళు పబ్లిక్ కాలేజీల్లో డిగ్రీ మొత్తానికి ఆరు డ్రాప్‌లే. కొన్ని కారణాలకి మినహాయింపు ఇస్తారు. అందుకని ఊరికే వాడేసుకోకూడదు.

నైట్‌షిఫ్ట్_నర్స్
నాకో డబ్ల్యూ ఉంది. నర్సింగ్ ఇంటర్వ్యూలో ఒక్కరూ అడగలేదు. ఒకటి ఉంటే ప్రాణం పోదు. అయిదుంటే అడుగుతారు.

బెజవాడ_బాబాయ్
డ్రాప్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మావాడు ఇక్కడే కమ్యూనిటీ కాలేజీలో చేరాడు (అవును, మొదటి పోస్టులో ఆ మాట అనకుండా ఉండాల్సింది). మార్కులు అడిగితే "ఫైన్ డాడీ" అంటాడు. కాలేజీకి ఫోన్ చేస్తే చెప్పం పొమ్మన్నారు. ఫీజు కట్టేది నేను! మా నాన్న నా ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేవాడు.

ఫ్రిస్కో_పిల్లోడు
అంకుల్, అది ఫెర్పా, 1974 నుంచి ఉన్న చట్టం. కాలేజీలో చేరాక రికార్డుల మీద హక్కు స్టూడెంట్‌దే, వయసు 17 అయినా సరే. వాడు సంతకం చేసి ఒప్పుకుంటే తప్ప మామూలుగా చెప్పరు. మా నాన్న కూడా అడిగారు. నేను సంతకం చెయ్యలేదు. కానీ ప్రతి నెలా ఫస్ట్ సండే క్యాన్వాస్ (మార్కులు కనబడే కాలేజ్ సైట్) తెరిచి నేనే చూపిస్తా. మీరు ఫైన్ అన్నదానికి అరవకపోతే చూపిస్తాడేమో.

బెజవాడ_బాబాయ్
ఎవరి పిల్లాడివోగానీ బాగా మాట్లాడుతున్నావు. ఆలోచిస్తా.

తెనాలి_టు_ఫ్రీమాంట్
అందరికీ థాంక్స్, అన్నీ రాసుకుంటున్నా. కానీ అసలు టైమ్ ఎక్కడుంది? మా ఓరియంటేషన్‌లో ఒక్కో యూనిట్‌కి వారానికి క్లాసులో గంట, ఇంటిదగ్గర రెండు గంటలు అన్నారు. నాకు రెండు సబ్జెక్టులూ కలిపి 8 యూనిట్లు. అంటే ఇంటిదగ్గర 16 గంటలు! పిల్లలు పడుకున్నాక రాత్రి పదికి కూర్చుంటే పేజీ మీదే తల వాలిపోతోంది.

నైట్‌షిఫ్ట్_నర్స్
రాత్రి పది నుంచి చదివేదాన్ని చదువు కింద లెక్కేసుకోకండి. నేనూ చేశా, ఒక్క ముక్క ఎక్కలేదు. నాకు కలిసొచ్చినవి రెండు. ఒకటి, క్లాసు అయిపోగానే ఇంటికి రాకుండా నేరుగా లైబ్రరీకి పోయి గంట కూర్చోవడం. ఇంటికొస్తే సింక్‌లో గిన్నెలు పిలుస్తాయి. రెండు, స్కూల్ పికప్ లైన్. అరగంట ముందే వెళ్ళి కారులో కార్డులు తిప్పేదాన్ని. వారానికి అయిదు రోజులు, రెండున్నర గంటలు ఊరికే దొరికాయి.

మరో మాట, మీ వారికి చెప్పండి. శనివారం పొద్దున మూడు గంటలు పిల్లలు ఆయన బాధ్యత. డ్రాప్ చేయమనడం సులువే, దోసెలు వేయడం నేర్చుకుంటే ఇంకా మంచిది.

పెసరట్టు_ఉప్మా
పెసరట్లు కూడా నేర్చుకోమనండి.

సందేహాల_పుట్ట
థీసిస్ గురించి ఎవరూ చెప్పలేదు. నాకూ కావాలి. నా మొదటి ఎస్సేకి సున్నా వచ్చింది, అదీ వేరే కారణానికి. ఒక వెబ్‌సైట్‌లో రెండు పేరాలు బాగున్నాయని ఉన్నదున్నట్టు పెట్టా. సాఫ్ట్‌వేర్ పట్టేసింది. డీన్ ఆఫీసుకి రమ్మన్నారు, రాత్రంతా నిద్ర లేదు. మొదటిసారి అని వార్నింగ్‌తో వదిలారు. మనూళ్ళో గైడ్‌లో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా రాస్తేనే కదా ఫుల్ మార్కులు!

లెక్కల_టీచరమ్మ
మనవాళ్ళలో చాలామంది మొదటి సెమిస్టర్‌లో కాలుజారేది ఇక్కడే. మోసం చేద్దామని కాదు, మనకి నేర్పించిందే అది. పుస్తకంలో మాట రాస్తే గౌరవం అని మనం, ఎవరి మాటో చెప్పకుండా రాస్తే దొంగతనం అని వీళ్ళు. వేరేవాళ్ళ వాక్యం వాడితే కోట్స్‌లో పెట్టి ఎవరిదో చెప్పాలి. మీ మాటల్లో తిప్పి రాసినా ఆలోచన ఎవరిదో చెప్పాలి. అలా ఎవరిదో చెప్పే తీరుకి ఇంగ్లీష్ క్లాసుల్లో ఎక్కువగా ఎమ్మెల్యే పద్ధతి, సైకాలజీ, నర్సింగ్ వైపు ఏపీఏ.

చాట్‌జీపీటీ వాడొచ్చా అన్నది ప్రొఫెసర్‌ని బట్టి. సిలబస్‌లో ఒక పేరా ఉంటుంది, చూడండి. లేకపోతే అడగండి, ఊహించుకోకండి.

ఇక థీసిస్. పేరుకి పెద్దదిగానీ ఎస్సేలో ఒకే ఒక్క వాక్యం. "ఈ వ్యాసంలో సెల్‌ఫోన్ లాభనష్టాలు చర్చిస్తాను" అన్నది థీసిస్ కాదు, దాంతో ఎవరూ గొడవపడలేరు. "మిడిల్ స్కూల్లో ఫోన్లు ఆపాలి, ఎందుకంటే పిల్లలు లంచ్ టైమ్‌లో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు" అన్నది థీసిస్. దీన్ని కాదనేవాడు ఒకడుంటాడు. వాణ్ణి ఒప్పించడానికే మిగతా నాలుగు పేజీలు. మనకి స్కూల్లో లాభాలు ఒకవైపు, నష్టాలు ఒకవైపు రాసి "కావున మితంగా వాడవలెను" అని ముగించడం నేర్పారు. ఇక్కడ ఏదో ఒకవైపు నిలబడాలి.

పెసరట్టు_ఉప్మా
ఎమ్మెల్యే పద్ధతా? అంటే ఎన్నికలు కూడా ఉంటాయా?

లెక్కల_టీచరమ్మ
ఎంఎల్ఏ! ఫోన్ దిద్దేసింది. మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ బాబూ.

ఓరుగల్లు_పోరడు
రైటింగ్ సెంటర్ అని ఒకటుంటది అక్కా, పైసా ఖర్చు లేదు. ఎస్సే పట్టుకొని పోతే పక్కన కూర్చొని చూస్తరు. దిద్దిపెట్టరు, ప్రశ్నలడుగుతరు. మొదటిసారి నాకు కోపమొచ్చింది, "తప్పులు చెప్పక ఈ ప్రశ్నలేంది" అని. మూడోసారికి అర్థమైంది. పుస్తకాలు కూడా ముందే కొనకుర్రి. కొన్ని క్లాసులకి పుస్తకం ఫ్రీ అని షెడ్యూల్లనే రాసి ఉంటది. రైస్ యూనివర్సిటీ వాళ్ళ ఓపెన్‌స్టాక్స్‌ల అకౌంటింగ్ పుస్తకం ఉంది, ఉచితం. లెక్కలు ఎక్కువ కావాలంటే అది పనికొస్తది.

ఫ్రిస్కో_పిల్లోడు
నోట్స్‌కి కార్నెల్ మెథడ్ ట్రై చెయ్యండి ఆంటీ. పేజీలో ఎడమవైపు సన్నగా ఒక కాలమ్, కుడివైపు వెడల్పుగా నోట్స్, కింద రెండు లైన్ల సారాంశం. క్లాసులో కుడివైపు రాయాలి. ఇంటికొచ్చాక ఎడమవైపు ప్రశ్నలు రాయాలి.

నైట్‌షిఫ్ట్_నర్స్
అది నాకు అస్సలు పనిచేయలేదు. గీతలు కొట్టుకోవడంతోనే సరిపోయేది.

లెక్కల_టీచరమ్మ
గీతల్లో ఏమీ లేదు. కుడివైపు చేత్తో మూసేసి ఎడమవైపు ప్రశ్నకి జవాబు చెప్తేనే దాని ఉపయోగం. లేకపోతే అదీ ఇంకో రంగు హైలైటరే.

తెనాలి_టు_ఫ్రీమాంట్
ఆఫీస్ అవర్స్‌కి (ప్రొఫెసర్ తన గదిలో స్టూడెంట్ల కోసం కూర్చునే టైమ్) వెళ్ళాలంటే భయంగా ఉంది. మా డిగ్రీలో సార్ గదికి పిలిచారంటే ఏదో తప్పు చేసినట్టే. ఈమెయిల్ ముందు రాద్దామని "రెస్పెక్టెడ్ మేడమ్, ఐ హావ్ సమ్ డౌట్స్, కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్" అని రాసుకున్నా. బాగుందా?

ఫ్రిస్కో_పిల్లోడు
ఆంటీ పంపకండి!! ఇక్కడ డౌట్ అంటే మీరు చెప్పింది నమ్మట్లేదు అన్నట్టు ఉంటుంది. క్వశ్చన్ అనండి. ఏ క్లాసు, ఏ సెక్షన్, ఏ ప్రశ్న, మీరు ఎంతవరకు చేశారు, అంతే రాయండి. నాలుగు లైన్లు చాలు.

లెక్కల_టీచరమ్మ
నా మాట వినండి. వారానికి రెండు గంటలు ఆ గదిలో తలుపు తెరిచి కూర్చుంటాను, చాలా వారాలు ఒక్కరూ రారు. ఎవరైనా వస్తే మాకే సంతోషం. "నాకేం అర్థం కాలేదు" అని రాకండి, దానికి మా దగ్గరా మందు లేదు. మీ 9,000 కాగితం పట్టుకెళ్ళి "ఇక్కడ ఇలా ఎందుకు అనుకున్నానంటే" అని మొదలుపెట్టండి.

తెనాలి_టు_ఫ్రీమాంట్
అయిదు వారాల తర్వాత వస్తున్నా. రెండో మిడ్‌టర్మ్ 79.

ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళాను. గది బయట పది నిమిషాలు నిలబడి, నోటీస్ బోర్డు మొత్తం చదివి, అప్పుడు లోపలికి. ఆ ప్రొఫెసర్ నా 9,000 చూసి నవ్వి, క్లాసులో సగం మంది అదే రాశారన్నారు. ఇండియాలో "వచ్చేది డెబిట్, పోయేది క్రెడిట్" అని నేర్చుకున్నానంటే, దాన్ని పక్కన పెట్టి ప్రతిసారీ ఆస్తులు ఒకవైపు, అప్పులూ సొంత పెట్టుబడీ ఒకవైపు పెట్టి రెండు వైపులూ సమానంగా ఉన్నాయో లేదో చూడమన్నారు. ఆ ఒక్క ముక్కతో సగం చిక్కు విడిపోయింది.

ఇంట్లో పెద్దాడు పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు, నేను అప్పజెప్తాను. వాడికి ఏడేళ్ళు, "అక్రూడ్" అని పలకడం రాదు, కానీ జవాబులో అంకె తేడా వస్తే "నో అమ్మా" అని ఎగిరి గంతేస్తాడు. మా వారు శనివారాలు ఒప్పుకున్నారు. దోసె ఇంకా రాలేదు, సీరియలే.

ఇంగ్లీషులో రెండో ఎస్సేకి బీ మైనస్. థీసిస్ దొరికిందట, ఆధారాలు చాలలేదట.

లెక్కల_టీచరమ్మ
79 అంటే 15.8. పాత 38.45తో కలిపితే 54.25. బీకి ఇంకా 25.75 కావాలి. ఫైనల్‌లో 86 తెచ్చుకోవాలి. కష్టమే, కానీ కుదరనిది కాదు. క్విజ్‌లు 80 నుంచి పెరిగి ఉంటే ఇంకాస్త తగ్గుతుంది, చూసుకోండి.

తెనాలి_టు_ఫ్రీమాంట్
క్విజ్‌లు ఇప్పుడు 88! తప్పుల నోటుబుక్కు 31 పేజీలైంది.

లెక్కల_టీచరమ్మ
అయితే 13.2. ఫైనల్‌లో 82 చాలు. కొత్త పాఠాలు కాదు, ఆ 31 పేజీలే మళ్ళీ చెయ్యండి.

బెజవాడ_బాబాయ్
మావాడు మొన్న ఆదివారం క్యాన్వాస్ చూపించాడు. కెమిస్ట్రీలో సీ. అరవలేదు. వాడి ఎదురుగా అరవలేదు.

సందేహాల_పుట్ట
నాది ఇంకో ప్రశ్న. ఫైనల్‌కి స్కాంట్రాన్ తెచ్చుకోండి అన్నారు. బబుల్స్ నింపే ఆ పచ్చ కాగితమేనా? కాలేజీ ఇస్తుందా, మనం కొనుక్కోవాలా?

ఫ్రిస్కో_పిల్లోడు
అదే. కాలేజ్ బుక్‌స్టోర్‌లో కొనుక్కోవాలి, ఏ నంబర్ ఫారమో ప్రొఫెసర్‌ని అడగండి, చాలా రకాలున్నాయి. నంబర్ 2 పెన్సిల్ కూడా. ఫారాలు రెండు కొనండి, ఒకదాని మీద నేను కాఫీ ఒలకబోసుకున్నా.